చింపుళ్ల టీచరూ, నేను చుట్టిన ఊలూ

ఆమె ఎవరినైనా కొత్తగా కలిస్తే ముఖం కాదు, ముందు వేళ్లు చూస్తుంది. పదకొండేళ్ల కిందట మా ఎదుటి గది తాళంచెవి కోసం వచ్చినప్పుడు నన్నూ అలాగే చూసింది. నేను గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. వచ్చిన పని చెప్పకుండా ఆ ఒలవడమే కాసేపు చూసి, "మీది ఎడమచేతి వాటమా మామ్మగారూ?" అంది.

"అవునమ్మా. తాళం మాత్రం అందరి తాళంలాగే తిరుగుతుందిలే" అన్నాను.

నవ్వింది. "అందుకు కాదండీ. ఎడమచేతి పిల్లలు వస్తే వాళ్లకి కత్తెర ఎలా పట్టించాలో నాకు తెలీదు. మీరు నేర్పాలి."

అరవై దాటినదాన్ని, అయిదో తరగతి దాకా చదివినదాన్ని, నా దగ్గర ఒక టీచరు నేర్చుకుంటానంటే పొంగిపోనూ? ఆ సాయంత్రమే కూర్చోబెట్టి నేర్పాను. కత్తెర ఎలా పట్టాలో, దారం ఎటు నుంచి ఎటు చుట్టాలో, ముడి ఎటు తిప్పితే బిగుస్తుందో అన్నీ చూపించాను. ఆమె నా పక్కన కూర్చుని అద్దంలో బొమ్మలాగా నాలాగే చేసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆమె గురించి ఇంకెవరైనా రాస్తే మంచి మాటలే రాస్తారు. నేను రాస్తే ఆ గదికి తాళం పడేదాకా తెచ్చింది ఎవరో కూడా రాయాలి. అందుకే ఇన్నాళ్లూ కాగితం ముందేసుకుని లేచిపోతూ వచ్చాను. ఇవాళ లేవదలచుకోలేదు.

ఆ గది ఒకప్పుడు సైకిళ్లు బాగుచేసే కొట్టు. గోడ మీద నల్లటి నూనె మరక ఇప్పటికీ ఉంది. దాని చుట్టూ ఆమె పిల్లల చేత ముళ్లు గీయించింది. ఇప్పుడది ముళ్లపంది. మా వంటగది కిటికీకీ ఆ గది కిటికీకీ మధ్య వీధి వెడల్పు పన్నెండడుగులు. నా పొయ్యి మీద ఏం మాడినా దానికి కారణం ఆ కిటికీయే.

గదిలో ముప్ఫై రెండు మంది పిల్లలుండేవారు. మూడేళ్ల నుంచి అయిదేళ్ల దాకా. గోడ వెంట గాజు సీసాలు: ఒకదాంట్లో గింజలు, ఒకదాంట్లో బొత్తాలు, ఒకదాంట్లో సీసా మూతలు. తలుపు వెనక గోనెసంచిలో ఎండుటాకులు. పలకలు మాత్రం లేవు. అక్షరాల చార్టు లేదు. పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లులు గదంతా చూసి, "మరి చదువెక్కడండీ?" అని అడిగేవారు.

"వేళ్లలో ఉందండీ. ముందు అది బయటికి రావాలి" అనేది.

ఆమె చదువుకుని టీచరైన మనిషి కాదు. పదిహేనేళ్ల వయసులో పుస్తకాల బైండింగు షాపులో చేరింది. పద్నాలుగేళ్లు అచ్చు కాగితాల ఫారాలు మడిచింది, చెక్కబద్దతో మడతలు నొక్కింది, సూదీ దారంతో కుట్టింది. కొత్తగా పనిలోకి వచ్చే ఆడపిల్లల్లో కొందరికి మూలకి మూల కలపడం ఎంతకీ వచ్చేది కాదట. మేస్త్రీ తిట్టేవాడట. ఈమె మాత్రం, "తిట్టకు మేస్త్రీ. చిన్నప్పుడు వీళ్ల చేతికి ఎవరూ పని ఇవ్వలేదు, అంతే" అనేదట. షాపు మూతపడ్డాక ఒక బడిలో ఆయాగా చేరి, పిల్లల ముక్కులు తుడుస్తూ వాళ్ల వేళ్లు చూస్తూ, తర్వాత శిక్షణ పొంది టీచరు అయింది. భర్త లారీ డ్రైవరు. నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. ఇవన్నీ ఆమె చెప్పలేదు, నేనే ఒక్కొక్కటిగా లాగాను.

చింపుళ్ల టీచరు అనే పేరు పెట్టింది కూడా నేనే. ఎందుకంటే చేరిన పిల్లకి మొదటి ఏడాది కత్తెర ఇచ్చేది కాదు. కాగితం ఇచ్చి చింపమనేది. "చించాలంటే రెండు బొటనవేళ్లూ ఎదురెదురుగా పనిచేయాలి మామ్మగారూ. ఒకటి ముందుకు పోతే ఒకటి వెనక్కి రావాలి. అది వచ్చిన పిల్లకి పెన్సిలు బరువనిపించదు."

కాలాన్ని బట్టి పని మారేది. ఆకులు రాలే రోజుల్లో పిల్లల్ని వరసగా వీధిలోకి తీసుకెళ్లి ఎండుటాకులు ఏరించేది. వాటిని గోరంత ముక్కలు చేసి, వేలికొసతో గమ్ము చుక్క పెట్టి, గీసిన చేప మీద పొలుసుల్లాగా అంటించాలి. వానల్లో కాగితం పడవలు. చలికాలంలో అట్టముక్కని చందమామలా కత్తిరించి, అంచుకి గాట్లు పెట్టి ఇచ్చేది. గాటులో ఇరికిస్తూ దాని చుట్టూ ఊలు చుట్టాలి. ఎండాకాలంలో పుచ్చగింజలు. బట్టల క్లిప్పుతో ఒక్కొక్క గింజా పట్టుకుని సీసా మూతలోకి మార్చాలి, తర్వాత దారానికి గుచ్చాలి.

ప్రతి కాలంలోనూ ఒక పని ఇంటికి పంపేది. "పిల్ల చేతే చేయించండి. ఎలా వస్తే అలా తెండి" అని చీటీ పెట్టేది. తెచ్చినవన్నీ ఒక్కో పిల్లకీ ఒక్కో ఫైలులో దాచేది. ఆ ఫైళ్లు తనే బైండు చేసింది. పోయిన వానాకాలానికీ ఈ వానాకాలానికీ మడత ఎంత పదునెక్కిందో చూసేది.

ఇక మా పిచ్చుక సంగతి. నా కొడుకు కూతురు. మాట అంటే నా మాటే, చెయ్యి మాత్రం ఎవరిదో. మూడేళ్లు నిండగానే ఆ గదిలో వేశాం. మా కోడలు టెలిఫోన్ ఆఫీసులో పొద్దున పోతే సాయంత్రం వచ్చేది. ఇంటికి వచ్చిన పని చేయించాల్సింది నేనే.

మొదటి వానాకాలంలో పడవ వచ్చింది. పిచ్చుక కాగితాన్ని ఒక మడత పెట్టింది, అది విప్పుకుంది. ఇంకోటి పెట్టింది, అదీ విప్పుకుంది. "మామ్మా, చేతులు నొప్పెడుతున్నాయి, నువ్వు చెయ్యి" అంది.

అదే సమయానికి పక్కింటి మిషనక్క గోడ మీంచి తల పెట్టింది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి, నా వయసుదే, నాకు పోటీ. తన మనవడు గుండుగాడు చేసిన పడవ రెండు వేళ్లతో ఎత్తి చూపిస్తూ, "మావాడు ఊరికే కూర్చోడమ్మా, చిటికెలో చేసేశాడు. మీ పిచ్చుకదింకా కాలేదా?" అంది.

"అవుతోంది" అన్నాను.

ఆమె తల అటు తిరగ్గానే నేనే చేశాను. చేశాక చూస్తే పడవ మరీ సొగసుగా ఉంది. టీచరమ్మ కళ్లకి దొరికిపోతాను. విప్పి, మూలలు కలవకుండా మళ్లీ మడిచాను. ఒక అంచు నలిపాను. ఇప్పుడది అచ్చం మూడేళ్ల పిల్ల పడవలా ఉంది. చూసుకుని మురిసిపోయాను కూడా.

అలా రెండేళ్లు. ఎనిమిది కాలాలు, ఎనిమిది పనులు. కాలం గడిచేకొద్దీ పిల్లకి పని వస్తున్నట్టుండాలి కదా, అందుకని ఒక్కోసారి కొంచెం కొంచెం వంకర తగ్గిస్తూ వచ్చాను. మొదటి చేపకి పొలుసులు తల మీద కూడా అంటించాను. రెండో చేపకి తల వదిలేశాను. గింజలు గుచ్చేటప్పుడు కావాలని రెండు పగలగొట్టాను. పిచ్చుక పక్కన కూర్చుని కబుర్లు చెబుతుండేది, నేను ఊ కొడుతూ వంకరగా చేస్తుండేదాన్ని. మా ఇద్దరికీ అదొక ఆట. ఆ ఆటలో తప్పుందని నాకు తట్టలేదని రాస్తే అబద్ధం. కోడలు వచ్చే వేళకి గమ్ము చేతులు కడిగేసుకునేదాన్ని.

రెండో ఏడు చలికాలంలో టీచరమ్మ స్వయంగా మా గుమ్మంలోకి వచ్చింది.

"మామ్మగారూ, మీ పిచ్చుక క్లాసులో చేతి పని ఇస్తే తప్పించుకుంటోందండీ. కథలు చెబుతానని చుట్టూ నలుగుర్ని పోగేస్తుంది. తను కథ చెబుతుంటే వాళ్లు దీని పని చేసిపెడుతున్నారు."

"అదా! దాని నోరు నా పోలికేలే."

"నోటి సంగతి సరేనండీ. ఇంటి నుంచి వచ్చేవి మాత్రం బాగున్నాయి. అందుకే అడుగుతున్నాను. ఇంట్లో తనే చేస్తోందా?"

ఆమె అడిగిన తీరులో అనుమానం లేదు. తెలుసుకోవాలని అడిగింది. చీటీలో ఏదో రాసుకోవడానికి పెన్సిలు కూడా చేతిలో ఉంది.

"తనే చేస్తుంది. నేను పక్కన కూర్చుంటానంతే" అన్నాను.

"అయితే ఫరవాలేదు. కొందరికి నలుగురిలో బిడియం" అని రాసుకుని వెళ్లిపోయింది.

ఆ వారమే ఊలు చందమామ వచ్చింది. దాన్నీ నేనే చుట్టాను.

అయిదేళ్లు నిండాక పిచ్చుకని పెద్దబడిలో చేర్చడానికి తీసుకెళ్లాం. అక్కడి టీచరు పెన్సిలిచ్చి ఒక గుండ్రం గీయమంది. పిచ్చుక పెన్సిలుని గరిటె పట్టుకున్నట్టు పిడికిలితో పట్టుకుంది. గీత కాగితం మీద ఆనలేదు. "బొత్తాం పెట్టుకో అమ్మా" అంటే పెట్టుకోలేకపోయింది. నీళ్ల సీసా మూత తియ్యలేకపోయింది. చివరికి, "మీకో కథ చెప్పనా?" అంది. ఆవిడ నవ్వలేదు. పిల్లల డాక్టరుకి చూపించి, ఒక ఏడాది ఆగి రమ్మంది.

డాక్టరు దాని కుడిచేతి బొటనవేలి మొదట్లో నొక్కి చూశాడు. అక్కడ కండకి బలం లేదన్నాడు. పుట్టుకతో కొందరికి ఉంటుందన్నాడు. "భయం లేదు. కానీ రెండేళ్ల కిందటే పట్టుకుని ఉంటే ఆటల్లోనే సర్దుకునేది. ఇప్పుడు రోజూ కసరత్తు చేయించాలి, చాలాకాలం పడుతుంది. చిన్నపిల్లలకి ఆకులు, గింజలు ఇచ్చి పని చేయించే చోటేదైనా ఉంటే చేర్పించండి."

మా కోడలి ముఖం ఎర్రబడింది. "రెండేళ్లుగా అలాంటి చోటే ఉందండీ" అంది.

 ఇంటికి వచ్చీ రాగానే వీధి దాటి ఆ గదిలోకి వెళ్లింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

"వేళ్లు చూస్తాను, వేళ్లు చూస్తాను అంటారు కదండీ! ముప్ఫై రెండు మందిలో నా కూతురి వేళ్లే కనబడలేదా మీకు?"

"ఇంటి నుంచి వచ్చినవి..." అని టీచరమ్మ మొదలుపెట్టింది.

"ఇంట్లో అది బాగానే చేస్తోంది. మా అత్తయ్య దగ్గరుండి చేయిస్తారు. మీ దగ్గరే ఏమీ చెయ్యలేదు!"

పొయ్యి మీద పాలు పొంగి కింద పడ్డాయి. కట్టేసే పని కూడా చెయ్యలేదు నేను.

మాట వీధంతా పాకింది. చదువు చెప్పకుండా చెత్త ఏరిస్తుందని లోలోపల గొణుక్కునేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకి ఇది దొరికింది. గది వీధివాళ్లందరిదీ. దాన్ని చూసుకునే కమిటీకి పెద్ద, మందుల షాపాయన. ఆదివారం పొద్దున అందరినీ ఆ గదికే పిలిచాడు. కూర్చోవడానికి పిల్లల కుర్చీలే ఉన్నాయి. మందుల షాపాయన మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. మిషనక్క ఒక కుర్చీలో ఇరుక్కుని, "ఇందులోంచి లేవాలంటే నన్ను కుర్చీతో సహా ఇంటికి పంపాలి" అంది. ఎవరూ నవ్వలేదు. నేను కూజా పట్టుకుని అందరికీ నీళ్లు ఇస్తున్నాను. చేతికి ఏదో ఒక పని ఉండాలి కదా.

టీచరమ్మ పిచ్చుక ఫైలు తెచ్చింది. పొట్టి బల్ల మీద ఎనిమిదింటినీ వరసగా పరిచింది. పడవ, చందమామ, చేప, గింజల దండ, మళ్లీ పడవ, చందమామ, చేప, దండ.

"చూడండి. కాలం కాలానికీ కొంచెం కొంచెం మెరుగవుతూ వచ్చింది. మడతలు చూడండి. ఇవి చూసే నేను..."

రెండో చందమామని చేతిలోకి తీసుకుంది. మాట ఆగింది. దాన్ని కిటికీ వెలుతురులోకి తిప్పింది. ఊలు వరసల మీద బొటనవేలితో మెల్లగా రాసింది. కుడిచేత్తో చుట్టే పిల్లల ఊలు ఒక వైపుకి వాలుతుంది. ఇది దానికి ఎదురు వైపుకి వాలి ఉంది. ఎందుకు వాలుతుందో ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఒకరు నేర్చుకున్న మనిషి, ఒకరు నేర్పిన మనిషి.

తలెత్తి నా ముఖం చూడలేదు. నా చెయ్యి చూసింది. గ్లాసు ఎడమచేతిలో ఉంది. నేను దాన్ని కుడిచేతిలోకి మార్చుకున్నాను.

ఇప్పటికీ నిద్ర పట్టకపోతే నాకు గుర్తొచ్చేది ఆ అబద్ధం కాదు, ఆ గ్లాసు మార్చుకోవడం.

ఆమె చందమామని బోర్లా పెట్టింది. "తప్పు నాదేనండీ. వేళ్లు చూడాల్సినదాన్ని, కాగితాలు చూశాను" అంది.

మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలనీ, అక్షరాలూ అంకెలూ చెప్పేవాళ్లకి ఇద్దామనీ అన్నాడు. ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగాడు. ఊళ్లో ఎవరింట్లో ఏ గిన్నె పగిలినా అభిప్రాయం చెప్పే నేను నోరు మెదపలేదు. కూజాలో నీళ్లు అయిపోయాయని బయటికి వెళ్లాను. కూజా నిండుగానే ఉంది.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు వంటగది కిటికీ రెక్క మూసే ఉంచాను. కోడలు, "ఏంటత్తయ్యా, ఉక్కపోయట్లేదా?" అని అడిగింది. దుమ్ము వస్తోందన్నాను. మూసినా శబ్దాలు వినిపించేవి. పిల్లల గొడవ రోజురోజుకీ పలచబడింది. వేరే బళ్లకి తీసుకెళ్లిపోతున్నారు.

డాక్టరు చెప్పిన కసరత్తులు రాత్రి భోజనానికి ముందు కోడలే చేయించేది. చూస్తే అవేమిటనుకున్నారు? బట్టల క్లిప్పులు నొక్కడం, కాగితం చింపడం, గింజలు ఏరడం. పిచ్చుక క్లిప్పు నొక్కలేక కళ్లలో నీళ్లు పెట్టుకునేది. కోడలి కళ్లలోనూ నీళ్లే. "నువ్వు చెయ్యగలవు బంగారం, టీచరమ్మకి అన్నీ చేసి ఇచ్చావు కదా?" అని బతిమాలేది. పిచ్చుక నా వైపు చూసేది. నేను చెప్పొద్దని ఎప్పుడూ దానికి చెప్పలేదు. అది మా ఆట గనక అదే చెప్పలేదు. అయిదేళ్ల పిల్ల నా కోసం మాట దాస్తోంది.

నెలాఖరుకి మూడు రోజులుందనగా, నాతో గుమ్మంలో కూర్చుని అడిగింది. "మామ్మా, టీచరమ్మ వెళ్లిపోతే మనకి పనెవరిస్తారు?"

"ఎవరో ఒకరిస్తారులే."

"నాకు కాదు. నీకు?"

నేను లేచి వీధి దాటాను. ఆ పద్దెనిమిది రోజుల్లో ఒక్కసారీ దాటలేదు.

టీచరమ్మ నేల మీద కూర్చుని ఫైళ్లని కట్టలు కడుతోంది. బైండింగు షాపులో కట్టినట్టు, దారం రెండు పేటలు తిప్పి ఒకే ముడి. నేను ఎదురుగా కూలబడ్డాను.

"ఆ ఊలు నేనే చుట్టాను టీచరమ్మా."

"తెలుసండీ."

"పడవలూ నేనే. అన్నీ నేనే."

"అదీ తెలిసింది, తర్వాత కూర్చుని చూస్తే."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నా గది నాకు ఉండేది. మీ కోడలూ మీరూ ఒక కప్పు కింద ఎలా ఉండేవారు? ఆ పిల్ల మీ ఇద్దరి మధ్యే కదా తిరగాలి" అంది. ముడి బిగించింది. "నా తప్పు కూడా ఉందండీ. మిమ్మల్ని అడిగి ఊరుకున్నాను. దాని వేళ్లని అడగాల్సింది."

ఆమె అంత నెమ్మదిగా మాట్లాడటం నేను భరించలేకపోయాను. "నన్ను తిట్టు తల్లీ" అన్నాను.

అప్పుడు చేతిలో దారం కింద పెట్టింది. "సొగసుగా చేసి ఇచ్చి ఉంటే నేను ఆ రోజే పట్టేసేదాన్ని మామ్మగారూ. పెద్దవాళ్లు చేసిపెట్టడం మామూలే. మీరు కావాలని వంకరగా చేశారు. రెండో ఏడు కాస్త తక్కువ వంకరగా చేశారు. అంత ఓపిక, అంత తెలివి. అందులో సగం ఓపిక దాని పక్కన ఊరికే కూర్చోవడానికి పెట్టి ఉంటే..." ఆపేసింది. మళ్లీ దారం అందుకుంది.

తిట్టమని అడిగిందాన్ని నేనే.

ఆ రాత్రి కోడలికి చెప్పడానికి రెండుసార్లు గదిలోకి వెళ్లి రెండుసార్లు తిరిగొచ్చాను. పిరికితనమే. తాళంచెవి అప్పగించే రోజు, ఆదివారం, మళ్లీ అందరూ అదే కుర్చీల్లో కూర్చున్నారు. మందుల షాపాయన ఏదో చెప్పబోతుంటే నేను ముందుకెళ్లి పొట్టి బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక అట్ట చందమామా, ఊలు ఉండా ముందు పెట్టుకున్నాను.

"ఏంటి మామ్మగారూ, మీరూ చేరుతున్నారా బళ్లో?" అన్నాడాయన.

నేను ఎడమచేత్తో చుట్టడం మొదలుపెట్టాను. పది వరసలు చుట్టి, ఫైల్లోంచి పిచ్చుక చందమామ తీసి పక్కన పెట్టాను. రెండూ ఒకే వైపు వాలి ఉన్నాయి. "ఇది పిచ్చుక చుట్టలేదు. ఎనిమిదిలో ఒక్కటీ అది చెయ్యలేదు. టీచరమ్మ వచ్చి అడిగితే అదే చేసిందని అబద్ధం చెప్పాను. మొన్న ఇక్కడే ఉండి కూడా నోరు మూసుకున్నాను."

 కోడలు లేచింది. నా దగ్గరికొచ్చి రెండు చందమామల్నీ చూసింది. "రోజూ రాత్రి దాన్ని ఏడిపిస్తున్నాను కదత్తయ్యా, అన్నీ చేసి ఇచ్చావు కదా అని. మీరు పక్కనే ఉండి విన్నారు కదా" అంది. గట్టిగా అనలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మందుల షాపాయన, "ఇది ఆ రోజే చెప్పి ఉండొచ్చు కదండీ" అన్నాడు.

"ఉండొచ్చు."

అప్పుడు మిషనక్క ఇరుక్కున్న కుర్చీతో సహా ఇటు తిరిగింది. "ఆవిణ్ణొక్కదాన్నీ అంటారేం? మా గుండుగాడి గింజలదండ మిషను మీద కుట్టాను నేను. చూడండి, కుట్టు కూడా ఎంత సమంగా ఉందో!" ఇంకో ఇద్దరు తల్లులు తలలు దించుకున్నారు. ఒకావిడ మెల్లగా, "పడవ మా ఆయన చేశారు" అంది. టీచరమ్మ చేత్తో నోరు మూసుకుంది. నవ్వాపుకుంటోందో ఏడుపాపుకుంటోందో తెలియలేదు.

మిషనక్క నన్ను కాపాడాలనే అలా అన్నదని తెలుసు. కానీ గుండుగాడి వేళ్లు ఉక్కులాంటివి. వాడికి పోయిందేమీ లేదు.

గది టీచరమ్మకే ఉంచారు. కానీ నేను నోరు మూసుకున్న ఆ రోజుల్లో పదకొండు మంది పిల్లలు వెళ్లిపోయారు. కబురు పెట్టినా తిరిగి రాలేదు. వెళ్లిన బళ్లలో అప్పటికే అక్షరాలు దిద్దుతున్నారట. వాళ్లలో ఒక పిల్ల కత్తెర పట్టడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. ఎడమచేతి పిల్ల. టీచరమ్మ ఒకసారి ఆ పిల్ల కోసం కొన్న కత్తెర చేతిలోకి తీసుకుని, మళ్లీ సొరుగులో పెట్టడం కిటికీలోంచి చూశాను.

ఆమె దగ్గరికి వెళ్లి క్షమించమని అడగబోయాను. "అవన్నీ ఇప్పుడెందుకండీ. రేపటికి ఆకులు కావాలి. ఎండినవి, చిరగనివి. తెచ్చిపెట్టండి" అంది.

ఇప్పుడు మళ్లీ ఆకులు రాలే రోజులు. పొద్దున్నే సంచి పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి ఏరుకొస్తున్నాను. పిచ్చుక మళ్లీ ఆ గదికే వెళుతోంది, తనకన్నా చిన్నపిల్లల మధ్య. దాని ఈడు పిల్లలు పెద్దబడి సంచులు తగిలించుకుని ఎదురుపడితే నా వెనక్కి జరుగుతుంది.

సాయంత్రం ఇంటికి తెచ్చిన పని గుమ్మంలో కూర్చుని చేస్తుంది. నేను పక్కన నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటాను. ఆకు చించబోతే చిట్లిపోతుంది. గమ్ము వేలికంటుకుని ముక్క దానితోపాటే లేచి వచ్చేస్తుంది. ఒక్క పొలుసు అంటించడానికి ఎంతసేపు పడుతుందో మీరు ఊహించలేరు. నా వేళ్లు కింద జివ్వుమంటుంటాయి. లోపలి నుంచి కోడలు, "అత్తయ్యా, చేతులు" అంటుంది. చాలా రోజుల వరకు ఆమె నాతో అన్న మాట అదొక్కటే. ఇప్పుడు ఇంకొన్ని మాటలు కలిశాయి.

"మామ్మా, నువ్వు చెయ్యి" అంది పిచ్చుక నిన్న.

"నాకు రాదమ్మా."

"వంకరగా అయినా?"

"వంకరగా కూడా రాదు."

నా వైపు అనుమానంగా చూసి మళ్లీ వంగింది. దీపాలు పెట్టే వేళకి చేపకి ఏడు పొలుసులు పడ్డాయి. నాలుగు తోక మీదే. ఒకటి చేప బయట.

ఇవాళ పొద్దున ఆ చేపని ఇద్దరం తీసుకెళ్లి ఇచ్చాం. టీచరమ్మ చేపని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. తర్వాత పిచ్చుక వేళ్లు చూసింది, గోళ్ల కింద గమ్ము ఉంది. తర్వాత నా వేళ్లు చూపించమంది. ఎడమచెయ్యి, కుడిచెయ్యి, రెండూ తిప్పి చూసింది. అప్పుడు గానీ చేపని ఫైల్లో పెట్టలేదు.

ప్రతిసారీ అలాగే చూస్తుంది. నేనూ అడక్కుండానే చేతులు చాపుతాను.